గరిటె అవ్వ లేచే తీరు

ఇవాళ పొద్దున పళ్ళ డాక్టరు నా దవడ పన్ను ఒకటి పీకి, నోట్లో దూది పెట్టి పంపించాడు. కారెక్కి బెల్టు పెట్టుకునేలోపే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మా సేవ మీకెలా అనిపించింది, అయిదింటికి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. దవడ సగం మొద్దుబారి ఉంది, ఎలా అనిపించిందో నాకే ఇంకా తెలియదు. ఈ దేశంలో ఇప్పుడు ఏ పని చేయించుకున్నా వెనకాలే ఈ ప్రశ్న వస్తుంది. పైపు బాగుచేసినవాడు అడుగుతాడు, గడ్డి కోసినవాడు అడుగుతాడు, మందుల షాపు వాళ్ళు నిన్ననే అడిగారు. మా ఆయన ఇలాంటివన్నీ చదవకుండానే అయిదు కొట్టేస్తారు. 'పోయేదేముంది, కొట్టెయ్' అంటారు. నేను కొట్టను. పదేళ్ళయింది, నేను ఎవరికీ దేనికీ ఒక్క స్టారు కూడా ఇవ్వలేదు. మంచివాళ్ళకీ ఇవ్వలేదు, చెడ్డవాళ్ళకీ ఇవ్వలేదు. అలిగీ కాదు, ఒట్టు పెట్టుకునీ కాదు. ఒకసారి చేతినిండా ఇచ్చాను. దానివల్ల ఒక మనిషికి చాలా నష్టం జరిగిందో, లేక ఆ నష్టం ఎలాగూ జరిగేదేనో ఇప్పటికీ తేలలేదు. తేలని విషయం మోస్తూ తిరగడం ఎంత అలసటో, మోసినవాళ్ళకే తెలుస్తుంది.

మా మరిది మాతో ఉన్న రోజుల సంగతి ఇది. మా ఆయనకి ఒక్కడే తమ్ముడు. నేను కాపురానికి వచ్చేనాటికి పదో తరగతి చదువుతున్నాడు. లెక్కల పుస్తకం అంచుల మీద పేజీకొక బొమ్మ చొప్పున గీసి, గబగబా పేజీలు వదిలి, ఆ బొమ్మని పరిగెత్తించి నాకు చూపించేవాడు. ఇంట్లో ఇంకెవరికీ చూపించేవాడు కాదు, లెక్కల పుస్తకం కాబట్టి. తరవాత అందరిలాగే ఇంజనీరింగ్ చదివాడు, అందరిలాగే ఎం.ఎస్.కి ఇక్కడికి వచ్చాడు, వచ్చాక మాత్రం అందరిలా కాకుండా బొమ్మల చదువుకి మారిపోయాడు. మా చుట్టుపక్కల వాళ్ళ మరుదులంతా బ్యాంకులకీ ఇన్సూరెన్సులకీ కోడ్ రాస్తుంటే మావాడు ఒక వీడియో గేమ్ స్టూడియోలో, బొమ్మలు ఎలా కొట్టుకోవాలో, ఎలా పడాలో, పడినవి ఎలా లేవాలో చూసే ఉద్యోగంలో చేరాడు. షామ్‌బర్గ్‌లో మా ఇల్లు వాళ్ళ ఆఫీసుకి దగ్గరని బేస్‌మెంట్‌లో దిగాడు. రెండు నెలలు ఉంటానన్నవాడు నాలుగేళ్ళున్నాడు. నాకేం కష్టం కాలేదు. కూర బాగుంటే రెండోసారి వడ్డించుకునేవాడు, బాగోకపోతే పెరుగు గిన్నె ముందుకి లాక్కునేవాడు. అంతకుమించి దేని మీదా నోరు తెరిచి అభిప్రాయం చెప్పే మనిషి కాదు.

ఆ స్టూడియోకి ఒక జపాన్ కార్టూన్‌ని ఆటగా మార్చే పని వచ్చింది. నేను కార్టూన్ అన్నప్పుడల్లా 'అనిమే, వదినా' అని దిద్దేవాడు, నేను కావాలనే మళ్ళీ కార్టూన్ అనేదాన్ని. మా అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్ళు. దానికి ఆ అనిమే అంటే ప్రాణం. కథేమిటని అడిగితే గంటసేపు చెప్పింది. నాకు అర్థమైనంతవరకూ, కొండ మీద యుద్ధవిద్యలు నేర్పే బడి ఒకటి ఉంది, అందులో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తన్నుకుంటూ పెద్దవాళ్ళవుతారు. ఆటలో ఇద్దరు చెరో కంట్రోలరు పట్టుకుని, చెరో పాత్రని ఎంచుకుని, ఆ తన్నుకోవడాన్ని తెర మీద కానిస్తారు. పాత్రలు పదహారు. అందంగా ఉన్నవాళ్ళనీ, వయసులో ఉన్నవాళ్ళనీ ఆఫీసులో కుర్ర ఆర్టిస్టులు పంచేసుకోగా చివరికి మిగిలింది ఆ బడిలో వంట చేసే ముసలావిడ. ఒకప్పుడు పేరుమోసిన యోధురాలట, ఎందుకో కత్తి పక్కన పడేసి గరిటె పట్టుకుందిట. ఇప్పుడు ఆ గరిటెతోనే కొడుతుందిట. మా అమ్మాయి ఆవిడకి గరిటె అవ్వ అని పేరు పెట్టింది. అందరూ వద్దన్న బొమ్మని తనకి అంటగట్టారని మా మరిది బాధపడుతున్నాడేమోనని ఆ సాయంత్రం కనిపెట్టి చూశాను. బీరకాయ కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వంటింట్లో నేలమీద పేపరు పరుచుకుని గోంగూర ఆకు కోస్తున్నాను. ఇండియన్ స్టోర్‌కి తాజా కట్టలు వచ్చిన వారం అది, ఆశకొద్దీ ఆరు కట్టలు తెచ్చాను. ఆకు కోయడం నాకు కింద కూర్చుంటేనే సాగుతుంది, కౌంటరు దగ్గర నిలబడితే ఎవరి ఇంట్లోనో పని చేస్తున్నట్టుంటుంది. అంతకుముందు చలికాలం డ్రైవ్‌వేలో మంచు మీద జారి పడ్డప్పటినుంచి నా కుడి మోకాలు మాట వినడం మానేసింది. ఆకంతా గిన్నెలోకి ఎత్తి లేవబోతుంటే మెట్ల దగ్గర నుంచి మా మరిది 'వదినా, కదలకు' అన్నాడు. పక్కన ఏ పురుగో ఉందనుకుని బిగుసుకుపోయాను. అతను వచ్చి ఎదురుగా కూర్చుని ఫోన్ తీసి పట్టుకున్నాడు. 'ఇప్పుడు లే' అన్నాడు. లేచాను. 'మళ్ళీ కూర్చుని లే. ఈసారి ఫోన్ వంక చూడకు' అన్నాడు. అలా ముప్ఫైసార్లు లేపాడు.

'ఏంటయ్యా, నేను లేవడానికి టికెట్టేమైనా పెట్టావా' అన్నాను.

'నీకు తెలీదు వదినా. కదలికలు చేసి చూపించడానికి మా దగ్గరికొచ్చే యాక్టర్లని ముసలివాళ్ళలా లేవమంటే నడుం పట్టుకుని మూలుగుతారు. నువ్వు మూలగవు. ముందు అటూ ఇటూ చూస్తావు.'

'ఎందుకు చూస్తాను?'

'కింద ఇంకేమైనా మిగిలిందేమోనని. మళ్ళీ వంగే పని లేకుండా.'

నేను అలా చూస్తానని అప్పటికి నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో నాకెవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. నన్ను కని పెంచినవాళ్ళూ, కట్టుకున్నాయనా గమనించని సంగతి ఈ పిల్లాడు గమనించాడని మనసులో సంబరంగానే ఉంది. అయితే ముసలివాళ్ళలా అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకుని, రాత్రి భోజనంలో అతనికి గోంగూర పచ్చడి కాస్త తక్కువే వేశాను.

ఇక్కడ ఆట గురించి కొంచెం చెప్పాలి, నాకూ అప్పుడే తెలిసింది. దెబ్బ తిని కింద పడ్డ పాత్ర ఎంతసేపట్లో లేస్తుందన్నది ఇలాంటి ఆటల్లో చాలా ముఖ్యమట. ఆలస్యమైతే అవతలివాడు ఊరుకోడు, లేచేలోపే ఇంకోటి వేస్తాడు. మిగతా పదిహేనుమందీ నేల కాలినట్టు గెంతి లేస్తారు. గరిటె అవ్వ మాత్రం అటు చూసి, ఇటు చూసి, మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక ఊపిరి తీసుకుని లేస్తుంది. లేచాక ఆవిడ దెబ్బ అందరి దెబ్బకన్నా గట్టిగా ఉండేలా సర్ది, ఆ లేవడాన్ని ఆఫీసులో పోట్లాడి మరీ నిలబెట్టుకున్నాడు మా మరిది. ఇంట్లో రెండో చపాతీ అడగడానికి మొహమాటపడే మనిషి పోట్లాడాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. పైగా అక్కడ ఒక మెలిక ఉంది. ఆట విడుదలయ్యాక విమర్శకులు మార్కులు వేస్తారు, ఒక వెబ్‌సైటు ఆ మార్కులన్నీ కలిపి సగటు కడుతుంది. నూటికి ఎనభై వస్తేనే జపాన్‌లో ఆ కథ హక్కులున్నవాళ్ళు రెండో ఆటకి ఒప్పుకుంటారట. రెండో ఆట లేదంటే ఆ బృందం లేదు, ఇరవైమందీ తలో దిక్కు. మా మరిదికి గ్రీన్ కార్డు అప్పటికే వచ్చేసింది కాబట్టి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదిలిపోవాలన్న భయం అందరిలా లేదు, ఏదో ఒక ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అతనికి కావలసింది ఏదో ఒకటి కాదు. లెక్కల పుస్తకం అంచుల మీద మొదలుపెట్టిన పని ఒక్కటే కావాలి, ఆ పని ఇచ్చేవాళ్ళు చాలా తక్కువ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనేవాళ్ళం కాదు.

చెట్ల ఆకులు రాలే రోజుల్లో ఆట విడుదలైంది. నేను దోసెలు పోస్తుంటే మా అమ్మాయి కౌంటరు మీద లాప్‌టాప్ పెట్టుకుని వచ్చినవి వచ్చినట్టు చదివింది. రంగులు అచ్చం అనిమేలో ఉన్నట్టే ఉన్నాయిట. దెబ్బలు చూడ్డానికి కన్నులపండుగట. కథ మరీ కురచగా ఉందిట. దూరాన ఉన్నవాళ్ళతో ఇంటర్నెట్‌లో ఆడబోతే తడబడుతోందిట. ఎవరు ఎలా మొదలుపెట్టినా అందరూ ఒకే మాట దగ్గర తేలారు, ఆ అనిమే అభిమానులకైతే నచ్చుతుంది అని. ఆ మాట నాకు కొత్త కాదు. ఆఫీసులో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి నేను పులిహోర పట్టుకెళ్ళినప్పుడల్లా మా మేనేజరమ్మ రెండు మెతుకులు నోట్లో వేసుకుని 'ఇలాంటివి ఇష్టపడేవాళ్ళకి భలే ఉంటుంది కదా' అని నవ్వుతుంది. ఇష్టపడనివాళ్ళని మనసులో పెట్టుకుని ఎవరు మాత్రం ఏం వండగలరు.

అంతవరకూ ఫరవాలేదు. తరవాత గరిటె అవ్వ వంతు వచ్చింది. ఒకాయన, ఈ వంటావిడ కింద పడ్డప్పుడల్లా ఏదో పారేసుకున్నట్టు వెతుకుతుంది, అది దొరికేలోపు మళ్ళీ తన్నులు తింటుంది అని రాశాడు. ఇంకొకాయన ఇది కళ కాదు, లోపం అని తేల్చేశాడు. మూడో ఆయన ఆవిడని ఎంచుకుంటే ఓడిపోయినట్టే అని హెచ్చరించాడు. సగటు డెబ్బై ఆరు దగ్గర ఆగింది. నేను ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఒకళ్ళ పనిలో తప్పులు వెతికి మర్యాదగా రాసి పంపడమే నా వృత్తి. న్యాయంగా చెప్పాలంటే ఆ లేవడం నా ముందుకొస్తే నేనూ లోపమనే రాసేదాన్ని. కానీ అది నా మోకాలు. దేశమంతా కూర్చుని నేను లేచే తీరు బాగోలేదని రాస్తుంటే నాకు కోపం వచ్చింది, కోపంకన్నా ఎక్కువగా సిగ్గేసింది. నన్ను చూసి గీయకుండా ఏ కుర్రదాన్నో చూసి గీసి ఉంటే ఆ నాలుగు మార్కులూ వచ్చేవేమో అనిపించింది. ఆ పూట గుత్తివంకాయ కూర బాగా కుదిరింది. అయినా మా మరిది పెరుగు గిన్నె ముందుకి లాక్కున్నాడు. అది చూశాక నేను ఊరుకోలేకపోయాను.

మా షామ్‌బర్గ్ తెలుగువాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరు షాపు తెరిచినా, ఎవరు ఇళ్ళు అమ్మిపెట్టే లైసెన్సు తెచ్చుకున్నా, ఎవరు పిల్లలకి సంగీతం చెప్పడం మొదలుపెట్టినా మా పాట్‌లక్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. అందరం వెళ్ళి అయిదు స్టార్లు కొడతాం. తిన్నామా, కొన్నామా, నేర్చుకున్నామా అన్నది తరవాత సంగతి. అబద్ధమాడుతున్నామని మాలో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. అవి మాకు చదివింపులు. పెళ్ళిపందిట్లో మైకు పట్టుకుని ఫలానావారు ఫలానా ఇచ్చారని చదువుతారే గాని, పప్పులో ఉప్పు తగ్గిందని ఎవరూ చదవరు. ఉప్పు సంగతి మాట్లాడుకోవడానికి ఇంటికెళ్ళే దారంతా ఉంది. ఎంచవలసినవాళ్ళు వేరే ఉంటారనీ, వాళ్ళు నిజంగానే నోరు విప్పి ఎంచుతారనీ, అందుకు జీతాలు కూడా ఉంటాయనీ మా బుర్రలకి ఎక్కలేదు.

ఆ గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. మరునాడు లంచ్ టైములో మెసేజ్ పెట్టాను, మా మరిది గేమ్ వచ్చింది, ఆ సగటు కట్టే వెబ్‌సైటులో అందరూ దయచేసి అయిదు స్టార్లు కొట్టండి అని. నిమిషంలో కరీంనగర్ ఆవిడ ఫోన్ చేసింది. మా గ్రూపులో నాకు కుడిభుజం ఆవిడే.

'అక్కా, గేముల గురించి మాకేం తెల్వది. ఏం రాయాల్నో నువ్వే రాసి పంపు. అందరం కాపీ చేసి పెట్టేస్తం' అంది.

ఇంకో పావుగంటలో నాకు మీటింగ్ ఉంది. అంతకుముందు నెల మా వైపు కొత్తగా తెరిచిన మిఠాయి షాపు కోసం నేనే ఆరు వాక్యాలు రాసి ఉంచాను, అది ఫోన్‌లో ఉంది. మొదటి వాక్యంలో మిఠాయిలు అన్నచోట గేమ్ అని మార్చి పంపించేశాను. రెండో మీటింగ్ కూడా అయ్యాక చూస్తే గ్రూపు నిండా దండాలూ, బొటనవేళ్ళూ, అయిపోయింది అక్కా, డన్ ఆంటీ, మా వాళ్ళకీ పంపాను అని. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరి చెల్లెలో, అల్ఫారెట్టాలో ఎవరి బావగారో వాళ్ళ వాళ్ళ గ్రూపుల్లో పెట్టారట. సాయంత్రానికి రెండొందలు దాటాయి. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరు లేకపోయినా మనవాళ్ళున్నారు అనుకున్నాను. ఒకళ్ళు రాసిన ప్రతి లైనూ చదివి పద్దెనిమిదేళ్ళుగా జీతం తీసుకుంటున్న మనిషిని, నేను పంపిన ఆరు వాక్యాలు మాత్రం చివరిదాకా చదవలేదు.

మరునాడు మధ్యాహ్నం మా అమ్మాయి స్కూలు బస్సు దిగి, షూస్ విప్పకుండానే వంటింట్లోకి వచ్చింది.

'అమ్మా, ఇది నువ్వు చేశావా?' అని ఫోన్ నా ముందు పెట్టింది.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంది. చాలా మంచి గేమ్. అంతా ఫ్రెష్‌గా ఉంది. క్వాంటిటీ కూడా ఎక్కువే. స్టాఫ్ మర్యాదగా మాట్లాడతారు. పార్కింగ్ ఈజీ. ఫ్యామిలీతో తప్పకుండా రండి. దాని కింద మళ్ళీ అదే. దాని కింద మళ్ళీ అదే. వేలితో ఎంత తోసినా అదే.

'స్కూల్‌లో అందరూ చూస్తున్నారు. దే థింక్ ఇట్స్ ఎ జోక్. బాబాయ్ గేమ్ జోక్ అయిపోయింది అమ్మా' అంది.

మిగతాది కూడా అదే చెప్పింది. విమర్శకుల మార్కులు వేరట, జనం కొట్టే స్టార్లు వేరట. సగటులోకి వెళ్ళేవి వాళ్ళవి మాత్రమే. అంటే మేం రెండొందలమంది ఎంత కొట్టినా డెబ్బై ఆరు డెబ్బై ఏడు అయ్యేది కాదు. ఇలా దొంగ స్టార్లు పడితే వెబ్‌సైటు వాళ్ళు జనం రాసినవన్నీ తీసేస్తారట. తీసేశారు కూడా. ఆ అనిమేని నిజంగా ప్రేమించి, ఆడి, మనసుపెట్టి రాసిన పిల్లలవి కూడా మావాటితో పాటే పోయాయి. వాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది. గరిటె అవ్వ గురించి రెండు పేజీలు రాసుకుందిట, నాకు చెప్పనేలేదు. పేజీ పైన అనుమానాస్పదమైన రేటింగులు తొలగించామని ఒక ఎర్ర పట్టీ వేలాడదీశారు. ఆట గురించి ఒక్క ముక్క రాయనివాళ్ళు పార్కింగ్ గురించి రాశారు.

మా మరిది ఆ రోజు నాలుగింటికే ఇంటికి వచ్చేశాడు. నేను ఏమీ వండలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

'మిఠాయి షాపుకి రాసిందే కదా వదినా' అన్నాడు. 'చూడగానే గుర్తుపట్టాను. పోయిన నెల నేనూ అదే కాపీ చేసి పెట్టాను.'

'ఆఫీసులో తెలిసిందా?'

'నేనే చెప్పాను. మా కుటుంబం చేసిందని.'

'నువ్వెందుకు చెప్పావు? ఎవరో ఏమిటో ఎవరికి తెలుస్తుంది?'

'మార్కెటింగ్‌లో ఒకమ్మాయి ఉంది. ఆ అమ్మాయే డబ్బిచ్చి రాయించిందని అడుగుతున్నారు. ఆ అమ్మాయి ఏడుస్తోంది వదినా.'

అంతే అన్నాడు. అరిచి ఉంటే నాకు సుఖంగా ఉండేది. నేను లేచి బియ్యం కడిగాను. తరవాత అన్నం తిన్నాడు, పెరుగు లాక్కున్నాడో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

రెండు వారాల తరవాత ఆటకి అప్‌డేట్ వచ్చింది. విమర్శకులు ఎత్తిచూపినవన్నీ దిద్దారు. గరిటె అవ్వ ఇప్పుడు అందరిలాగే గెంతి లేస్తుంది. అటూ ఇటూ చూడదు, మోకాలి మీద చెయ్యి వెయ్యదు. అవన్నీ కోసేసింది మా మరిదే, తన చేత్తోనే. ఆ పని ఇంకెవరికైనా ఇస్తామంటే వద్దన్నాడట. అదీ అయ్యాక, ఎక్కడో చిన్న వెబ్‌సైటులో ఒకావిడ రాసినదాన్ని మా అమ్మాయి వెతికి తెచ్చింది. ఆట మీద ఆవిడకి పెద్ద గౌరవమేం లేదు. కానీ, అప్‌డేట్‌కి ముందు ఈ వంటావిడ లేవడాన్ని చూసినవాళ్ళు అదృష్టవంతులు, ఈ స్టూడియోలో ఎవరో ఒకరు నిజమైన ముసలావిడని చాలాకాలం ప్రేమగా చూశారు అని రాసింది. నిజమైన ముసలావిడ అన్న దగ్గర మా ఆయన నా వంక చూసి, వెంటనే తల తిప్పుకున్నారు. చాలా రోజుల తరవాత మా ఇంట్లో అందరం నవ్వాం. పెళ్ళయ్యాక అందిన శుభలేఖలా ఉంది ఆ మెప్పు. అప్పటికే జపాన్ వాళ్ళు రెండో ఆట వద్దని చెప్పేశారు.

మార్కులు తక్కువయ్యాయని వద్దన్నారా, పరువు పోయిందని వద్దన్నారా అన్నది వాళ్ళు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. డెబ్బై ఆరుకైనా కొంచెం అటూ ఇటూగా సర్దుకునేవాళ్ళేమో, ఎర్ర పట్టీ చూసి వెనక్కి తగ్గారేమో. ఇరవైమందీ తలో దిక్కయ్యారు. మా మరిది ఏడు నెలలు వెతికి, అల్ఫారెట్టాలో ఆస్పత్రులకి యాప్‌లు చేసే ఒక కంపెనీలో చేరాడు. బటన్ నొక్కితే ఏ రంగులోకి మారాలి, మారడానికి ఎంతసేపు పట్టాలి అన్నది చూసే ఉద్యోగం. పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. తోడికోడలు మంచిది. మనిషి సుఖంగానే ఉన్నాడు, బొమ్మలు మాత్రం వెయ్యడు. పిల్లల పుస్తకాల అంచులు తెల్లగా ఉండడం నేను పోయిన వేసవిలో చూశాను.

ఈ పదేళ్ళలో వచ్చినప్పుడల్లా, వెళ్ళినప్పుడల్లా అతన్ని అడుగుతూనే ఉన్నాను, నావల్లేనా అని. మొదటిసారి అడిగినప్పుడు అతను బేస్‌మెంట్‌లో సామాను అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నాడు. తల ఎత్తకుండానే 'నీవల్ల కాదు వదినా. ఆట బాగోలేదు. అంతే' అన్నాడు. అప్పటినుంచి ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, ఒక్క అక్షరం మారదు. అన్నం కంచం ముందు కూడా బాగోలేదన్న మాట పైకి అనని మనిషి, అంత ప్రాణం పెట్టి చేసినదాన్ని, పోట్లాడి నిలబెట్టుకున్నదాన్ని, నా ముందు బాగోలేదంటాడు. అతను అలా అనుకోడని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. ఆ ఆట మీద వచ్చిన విమర్శలన్నిట్లోకీ కఠినమైనది అదే, అది రాసినవాడు నా కోసం రాశాడు. కోపం తెచ్చుకుని ఒక్కసారి నీవల్లే అనేస్తే ఇద్దరం తేలికపడేవాళ్ళం. అనడు. నేనూ అడగడం మానను. ఈమధ్య అడగడానికి కూడా ఓపిక తగ్గుతోంది.

వెళ్ళేటప్పుడు అతను ఆ ఆడే మిషనూ, పాత టీవీ, ఒక డిస్కూ బేస్‌మెంట్‌లోనే వదిలి వెళ్ళాడు. 'దీన్ని ఎప్పుడూ ఇంటర్నెట్‌కి కలపకు వదినా. కలిపితే అప్‌డేట్ అయిపోతుంది' అన్నాడు. అయితే ఏమవుతుంది అన్నాను. 'డిస్కులో ఉన్నది నువ్వు' అన్నాడు. అప్పుడు దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. తరవాత గుర్తు రాలేదు. గుర్తొచ్చినప్పుడు తీరిక లేదు.

ఇవాళ పన్ను పీకించుకుని సెలవు పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. సూప్ తాగి కూర్చుంటే, మీరింకా స్టార్లు ఇవ్వలేదని పళ్ళ డాక్టరు ఆఫీసు నుంచి రెండో మెసేజ్ వచ్చింది. ఫోన్ పైనే పెట్టేసి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి బేస్‌మెంట్‌లోకి వెళ్ళాను. దుమ్ము తుడిచి అన్నీ తగిలించడానికి అరగంట పట్టింది, మా అమ్మాయికి ఫోన్ చేసి అడిగి ఉంటే అయిదు నిమిషాలయ్యేది. కంట్రోలరు వైరు పొట్టిది, సోఫా దాకా రాలేదు. కార్పెట్ మీదే కూర్చున్నాను. గరిటె అవ్వని ఎంచుకున్నాను. ఏ బటన్ నొక్కితే ఏం చేస్తుందో నాకు తెలియదు, తెలియవలసిన అవసరం కూడా లేదు. అవతల మిషను ఆడించే కుర్రాడు వచ్చి ఒక్క దెబ్బ వేశాడు, అవ్వ పడిపోయింది.

అటు చూసింది. ఇటు చూసింది. మోకాలి మీద చెయ్యి ఆనించింది. ఆ భుజం నాదే, ఆ మెడ తిప్పడం నాదే, ఆరు కట్టల గోంగూర కోసిన ఆదివారం అది. ఊపిరి తీసుకుని లేచింది. మళ్ళీ పడింది, మళ్ళీ అలాగే లేచింది. ఎంత ఓపిక ఆవిడకి అనుకున్నాను, ఎంత బాగా గీశాడు అనుకున్నాను, ఏడ్చాను కూడా. తరవాత, ఈసారి పడ్డప్పుడు నేనూ ఆవిడతో పాటే లేద్దామనిపించింది. నా రెండు మోకాళ్ళూ ఇప్పుడు ఒకదానికొకటి తీసిపోవు. అవ్వ పడింది. ఇద్దరం అటూ ఇటూ చూశాం, మోకాలి మీద చెయ్యి వేశాం. దేశమంతా కలిసి ఆలస్యం అన్న ఆ మనిషి పైకి లేచి, గరిటె సవరించుకుని నిలబడే వేళకి నేనింకా కార్పెట్ మీదే ఉన్నాను.